దడుసుకున్న పిల్లలుండే హోమ్ నడుపుడెట్ల: ముందుగాల చెప్పుడు, తర్వాత చేసుడు

మన నల్లగొండ దిక్కు పిల్ల రాత్రిపూట ఉలిక్కిపడి లేచినా, రెండు రోజులు బువ్వ ముట్టకున్నా, ఊకె జరమొచ్చినా ఇంట్ల నాయినమ్మ ఒకటే మాటంటది, "పిల్ల దడుసుకున్నదే" అని. తెల్లారి లతీఫ్ సాబ్ గుట్ట కాడికి తీస్కపోయి ఊదించుకొస్తరు, లేకుంటే మెడల తాయెత్తు కడ్తరు. అది పని చేస్తదా లేదా అన్న పంచాయితీ నాకొద్దు. గని నాయినమ్మ ఒక్కటి మాత్రం సక్కగ పట్టుకున్నది. పిల్ల మొండిదైంది అనలే, నఖరాలు చేస్తుంది అనలే, దడుసుకున్నది అన్నది. తప్పు పిల్లది గాదు, ఏదో జరిగింది, దానికి పిల్ల ఒళ్లు ఇట్ల జవాబు చెప్తుంది అని దాని అర్థం. ట్రైనింగులల్ల ట్రామా ఇన్‌ఫార్మ్‌డ్ కేర్ (దడుసుకున్న పిల్లల్ని అర్థం చేసుకొని చూసుకునుడు) అని స్లైడ్లు పెట్టి మూడు గంటలు చెప్పేదాంట్ల సగం ఇదే.

ఇంటి కాడ ఉండలేని, ఆపదల నుంచి తప్పించి తెచ్చిన పిల్లలుండే ఇల్లునే హోమ్ అంటరు. నేను ఆడపిల్లల హోమ్‌ల పదకొండేండ్లు పనిచేసిన, మొదలు హౌస్ మదర్‌గ, తర్వాత కౌన్సెలర్‌గ. ఇప్పుడు నల్లగొండ, పాలమూరు రెండు దిక్కులా చిన్న చిన్న హోమ్‌లకు, హాస్టళ్లకు పోయి అక్కడి ఆయమ్మలతోని, వార్డెన్లతోని కూసొని మాట్లాడుత. పోయిన ప్రతిచోట ఒకటే మాట, "అక్కా మా కాడ కౌన్సెలర్ పోస్టు ఖాళీ ఉంది, ఇదంతా ఎవరు చెయ్యాలె" అని. కౌన్సెలర్ ఉన్నా వారానికి ఓ గంట కూసుంటది, మిగిలిన నూట అరవై ఏడు గంటలు పిల్ల ఉండేది వంటామెతోని, ఆయమ్మతోని, వాచ్‌మెన్‌తోని. బాగుచేసినా, చెడగొట్టినా వాళ్లే. అందుకే ఇది వాళ్ల కోసం రాస్తున్న, సూపరింటెండెంట్లు గూడ చదువుకోవచ్చు.

ముందు దడుపు ఎట్ల పని చేస్తదో తెల్వాలె. మీకు బోరు మోటర్ల ఆటో స్టార్టర్ తెల్సు గద. 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు మొదలయ్యేదాక మన ఊర్లల్ల ఏ బోరు కాడ చూసినా అదే, రాత్రి రెండింటికి కరెంటొచ్చినా మోటరు దానంతటదే ఎత్తుకునేది, రైతు ఇంట్ల నిద్రపోతుండె. దడుసుకున్న పిల్ల లోపట గూడ గట్లాంటిదొకటి బిగించి ఉంటది. గొళ్లెం సప్పుడో, కల్లు వాసనో, వెనుక నుంచి భుజం మీద పడ్డ చెయ్యో కరెంటు లెక్క వస్తది, ఇగ పిల్ల కొడ్తది, లేకుంటే ఉరుకుతది, లేకుంటే కట్టె లెక్క బిగుసుకపోతది. మనం పోయి "నిన్ను ఎవరేమన్నరని ఇట్ల చేస్తున్నవ్" అనడుగుతం. ఎవరూ ఏమనలే. స్విచ్ ఎవరూ వెయ్యలే, ఆ పిల్ల గూడ వెయ్యలే. ఆలోచించే మెదడు కంటే అపాయం పసిగట్టే మెదడు ముందు ఉరుకుతది, అంతే.

ఇంకో సంగతుంది దీంట్ల. 24 గంటల కరెంటొచ్చినంక ఆటో స్టార్టర్లు తీసెయ్యుండ్రి అని సర్కారు ఎంత చెప్పినా రైతులు ఎంటనే తియ్యలే. ఎట్ల తీస్తరు? కరెంటు పోదన్న నమ్మకం కుదరాలె గద ముందు. పిల్లలూ అంతే, "ఇక్కడ భయం లేదు బిడ్డా" అని మీరు పదిసార్లు చెప్తే స్టార్టర్ తియ్యరు, రోజూ చూసి చూసి నమ్మకం కుదిరినంక వాళ్లంతల వాళ్లే తీస్తరు. నమ్మకం కుదిరే తొవ్వ నాకు తెల్సి ఒకటే: ఏం చేసినా ముందు చెప్పుడు, చెప్పినట్టే చేసుడు.

నేను చేసిన తప్పు

హౌస్ మదర్‌గ చేరిన కొత్తల ఒక తండా పిల్ల వచ్చింది, ఎనిమిదో తొమ్మిదో ఏండ్లుంటయ్. తల నిండ పేన్లు. అప్పట్ల మా కాడ రివాజు ఏందంటే రాంగనే స్నానం, పాత బట్టలు పారేసుడు, గుండు. మంగలాయన వచ్చిండు, నేనే భుజాలు పట్టుకున్న, పది నిమిషాల్ల అయిపోయింది, పిల్ల కిక్కురుమనలే. మంచి పిల్ల, సతాయించలే అనుకున్న నేను. ఆ రాత్రి తువ్వాల తలకు చుట్టుకొని మంచం కింద పండుకున్నది. మూడు రోజులు బువ్వ ముట్టలే, నీళ్లు తాగేది అంతే. నాలుగో రోజు లంబాడీ మాట్లాడే పెద్ద పిల్ల ఒకామె పక్కన కూసొని అడిగితే అప్పుడు చెప్పింది, "మా యాడి (అమ్మ) సచ్చిపోయింది గద, నాకు చెప్తలేరు" అని. వాళ్ల తాత పోయినప్పుడు అన్నకు గుండు చేసుడు చూసింది, ఇంట్ల ఎవరన్న పోతేనే గుండు చేస్తరని దాని లెక్క. తల్లి బతికే ఉన్నది, పూణే దిక్కు పనికి పోయి ఉన్నది. మేం పేన్ల కోసం చేసినం, అది మూడు రోజులు తల్లి సావు మోసింది.

చెప్పకుంటే పిల్ల ఊకుంటది అనుకుంటం, ఊకోదు, దానికి తోచిన కారణం అదే అల్లుకుంటది, అది అసలు సంగతి కంటే ఎప్పుడూ ఘోరంగనే ఉంటది. ఇప్పుడు నేను పోయే హోమ్‌లల్ల గుండు బంద్ చేయించిన. పేన్లకు మందుంది, దువ్వెనుంది, వారం ఆగితే ఎవరూ సావరు. జుట్టు కత్తిరించాల్సే వస్తే ఎందుకో చెప్పి, ఎంత దాక కత్తిరించాల్నో పిల్లనే చూపియ్యమనాలె, అద్దం చేతికియ్యాలె. పాత బట్టలు గూడ పారెయ్యొద్దు, ఉతికి ఓ కవర్ల పెట్టి పేరు రాసి దాని పెట్టెలనే పెట్టాలె, ఆ చినిగిన గౌనే దానికి ఇల్లు.

మొదటి రాత్రి

పోలీసులో, 1098 (పిల్లల హెల్ప్‌లైన్) వాళ్లో తెచ్చినప్పుడు పిల్ల మీ గేటు కాడ దిగేవరకు ఎక్కువసార్లు రాత్రయితది. జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం ప్రయాణం టైం తీసేస్తే 24 గంటల్లల్ల చైల్డ్ వెల్ఫేర్ కమిటీ (పిల్ల ఎక్కడ ఉండాల్నో తేల్చేటోళ్లు) ముందు పెట్టాలె, అంటే తెల్లారితే మళ్ల వాహనం, మళ్ల కొత్త మొఖాలు. ఈ నడిమి పది గంటలు మీ చేతుల ఉన్నయ్. చాలామంది ఏం చేస్తరంటే రిజిస్టర్ ముందట పెట్టుకొని టేబుల్‌కు అవతల కూసొని తండ్రి పేరేంది, ఏ మండలం, ఏమైంది అని మొదలుపెడ్తరు. కలెక్టరాఫీసుల పింఛను దరఖాస్తు లెక్క. ఫామ్ నింపాల్సిందే, కాదంటలేను, గని గంట ఆగితే ఫామ్ ఎటూ పోదు. ముందు నీళ్లియ్యాలె, బాత్రూం చూపియ్యాలె (లోపట గడియ ఎట్ల పడ్తదో, ఎట్ల తీస్తరో గూడ చూపియ్యాలె), బువ్వ పెట్టాలె, పండుకునే జాగ చూపియ్యాలె. ఆ తర్వాత పిల్ల పక్కన కింద కూసొని గిట్ల చెప్పాలె:

"నా పేరు ఇది, నన్ను అందరు అక్కా అంటరు. ఇది ఆడపిల్లలుండే ఇల్లు, రాత్రి లోపట మొగోళ్లెవరూ ఉండరు, వాచ్‌మెన్ తాత గేటు కాడ ఉంటడు. ఈ మంచం నీది. ఈ లైటు రాత్రంత ఉంటది. భయమైతే గా మంచం మీద నేనుంట, లేపు, తిట్ట. పొద్దుగాల ఆరింటికి లేపుత. పదింటికి మనం ఒక ఆఫీసుకు పోతం, అక్కడ మేడమ్ నిన్ను నాలుగు మాటలడుగుతది, నేను నీ పక్కనే ఉంట. నీకు చెప్పబుద్ధి కాకపోతే తర్వాత చెప్త అనొచ్చు."

ఇంతే. దీనికి రెండు నిమిషాలు పట్టదు. తెలుగు రాని పిల్లయితే, నారాయణపేట దిక్కు కన్నడ పిల్లలుంటరు, తండా పిల్లలుంటరు, ఉర్దూ పిల్లలుంటరు, ఆ భాష వచ్చిన పెద్ద పిల్లనో, స్టాఫ్‌నో, ఫోన్లనన్న పట్టాలె. "మేడమ్ నాలుగు మాటలు నేర్చుకున్న" అని ఓ ఆయమ్మ లంబాడీల బువ్వ తిన్నవా, భయమైతుందా అని అడుగుడు నేర్చుకున్నది, ఆమె ట్రైనింగుకు ఎన్నడూ రాలే, వచ్చినోళ్ల కంటే మంచిగ చేస్తది.

ఒక్కటి యాదుంచుకోండ్రి, తెల్వనిది చెప్పొద్దు. "రేపు మీ అమ్మొస్తది" అని ఏడుపు ఆపనీకి అంటరు. అమ్మ రాదు. రేపటి నుంచి మీ మాటకు విలువ లేదు. "మీ అమ్మకు ఫోన్ చేపిచ్చే ప్రయత్నం చేస్త, ఎప్పుడొస్తదో నాకింక తెల్వది, తెలిసిన రోజే నీకు చెప్త" అంటే పిల్ల ఇంకింత ఏడ్వొచ్చు, ఏడ్వనీండ్రి. వాహనం ఎక్కిచ్చుడు గూడ అంతే, గుడికి పోదాం, ఐస్‌క్రీం తిందాం అని చెప్పి హాస్పిటల్‌కు తీస్కపోతరు. బట్టీలకు, ఇండ్లల్ల పనికి అమ్మినోళ్లు గూడ పిల్లల్ని గట్లనే తీస్కపోయిండ్రు.

ఇంకోటి, మన పోలీసులు ఏటా జనవరిల ఆపరేషన్ స్మైల్, జూలైల ఆపరేషన్ ముస్కాన్ అని తప్పిపోయిన, పనిల పెట్టిన పిల్లల్ని వెతికి తెస్తరు, అప్పుడు ఒక్క రాత్రిల ఎంతోమంది పిల్లలొస్తరు. ఇది ప్రతి ఏడాది తెల్సినా ప్రతి ఏడాది ఆగమైతం. డిసెంబర్ల, జూన్ల చివరి వారమే దుప్పట్లు, చెప్పులు, కొత్త బ్రష్‌లు, భాష వచ్చిన మనుషుల ఫోన్ నంబర్లు రెడీ పెట్టుకోండ్రి.

హోమ్ సప్పుళ్లు వినుండ్రి

రేపు రాత్రి ఎనిమిదింటికి ఓ నోట్‌బుక్ పట్టుకొని గేటు కాడి నుంచి ఆఖరి మంచం దాక నడువుండ్రి, మీరే ఆ పిల్ల అనుకొని. ఏం వినిపిస్తుంది, ఏం వాసనొస్తుంది, ఏ మూల చీకటుంది, మీ వెనుక ఎవరన్న వస్తే తెలుస్తదా, ఇవన్నీ రాసుకోండ్రి. మా కాడ రాసినప్పుడు మొదటి లైనే వాచ్‌మెన్ తాళాల గుత్తి. ఆయన నడుస్తుంటే గల్ గల్ మని మోగుతుంటది, అర్ధరాత్రి రౌండ్ కొడితే నలుగురైదుగురు పిల్లలు దుప్పటి కింద ఊపిరి బిగబట్టుకునేది. ఆయన పాపం మంచోడు, కాపలా కోసమే తిరుగుతుండె. తాళాలను ఓ గుడ్డసంచిల ఏసుకోమన్నం, బయట ఉండంగనే "నేను, తాతను" అని ఓ మాట అనమన్నం. పైసా ఖర్చు కాలే.

పాలమూరు దిక్కు ఓ మొగపిల్లల హోమ్‌కు పోతే పొద్దుగాల ఐదింటికి విజిల్ ఊదిండ్రు. ఇటుక బట్టీల నుంచి తెచ్చిన పిల్లలు కొందరున్నరు, విజిల్ ఇనంగనే కండ్లు తెరవకముందే ఉరికొచ్చి లైన్ల నిలబడ్డరు, చేతులు ముందుకు సాపి. "డిసిప్లిన్ ఎట్లుంది మేడమ్" అన్నడు అక్కడి సారు, మొఖమంత నవ్వు. నేను ఓ పిల్లగాన్ని తర్వాత అడిగిన, బట్టీల ఎట్ల లేపేది అని. "మేస్త్రి గిట్లనే ఊదుతుండె, లేటైతే చేతుల మీద కొడ్తుండె" అన్నడు. బట్టీలల్ల ఎండ పడకముందే ఇటుక కొట్టాలని రాత్రి రెండు మూడింటికే లేపుతరు, అందుకే ఆ పిల్లలు మీ కాడ గూడ రెండింటికి లేచి కూసుంటరు. దానికి తిట్టొద్దు. లేచినోడికి నీళ్లియ్యండ్రి, "టైం రెండైంది, ఇంకా నాలుగు గంటలు పండొచ్చు, ఇక్కడ పనిలే" అని చెప్పుండ్రి, గోడకు పెద్ద గడియారం పెట్టుండ్రి. విజిల్ తీసేసి రేడియో పెట్టిండ్రంట ఆ సారు, తర్వాత ఫోన్ చేసి చెప్పిండు. లైను మాత్రం వంకరైంది అని నవ్విండు.

కొట్టుడు, గదిల ఏసి గొళ్లెం పెట్టుడు గురించి ఎక్కువ రాయ, అవి తప్పే గాదు నేరం, హోమ్‌ల పిల్లల మీద చెయ్యెత్తితే జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 82 కింద మొదటిసారికే పదివేల జుర్మానా ఉంది.

బువ్వ, పక్క, పండ్లు

దిండు కింద రొట్టె ముక్కలు, జేబుల అన్నం ముద్ద దొరికితే దొంగతనం అని రాయొద్దు. ఆకలి చూసినోడు రేపటి బువ్వ మీద నమ్మకం పెట్టుకోడు. మేమైతే మంచం పక్కన మూతున్న డబ్బల మురమరాలు, పల్లిపట్టీలు పెట్టినం, ఎప్పుడైన తినొచ్చు, అడగనక్కర్లే, అయిపోతే నింపుతం అని చెప్పి. మొదటి వారం రోజుకు రెండుసార్లు ఖాళీ అయితుండె. వంటామె మొత్తుకున్నది, ఇట్లయితే సామాను నెల పూర రాదని. నెల తిరిగేవరకు డబ్బ మూత తీసేటోళ్లు లేరు. బువ్వను శిక్షకు అస్సలు వాడొద్దు, సెకండ్ టైం పెట్టం అని బెదిరిచ్చుడు గూడ వద్దు. మెనూ గోడకు రాసి పెట్టి, గుడ్డు పెడ్త అన్న రోజు గుడ్డు పెట్టాలె, రాకపోతే పొద్దుగాలనే చెప్పాలె, "ఇయ్యాల గుడ్డు రాలే, రేపు పెడ్త" అని. నవ్వుకోకుండ్రి, హోమ్ మీద నమ్మకం గుడ్డు కాడనే మొదలైతది.

పక్క తడిపే పిల్లల పరుపును అందరికి కనపడేటట్టు వాకిట్ల ఆరేసే అలవాటు ఇంకా ఉంది కొన్నిచోట్ల. అది సిగ్గు తెప్పిచ్చి మాన్పిచ్చుడట. మానదు, ఎక్కువైతది. రబ్బరు షీటు ఏసి, ఎక్స్‌ట్రా దుప్పటి మంచం కిందనే పెట్టి, రాత్రి మార్చుకోనీకి ఎవర్నీ లేపక్కర్లేకుండ చెయ్యండ్రి, వెనుక దండెం మీద అందరి దుప్పట్లతోని కలిపి ఆరెయ్యండ్రి.

మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు దిక్కు పిల్లలు కొందరు నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటరు. కొత్త టీచరమ్మ ఒకామె "పండ్లు తోమవా ఇంత పచ్చగున్నయ్" అన్నది అందరి ముందట. అది తాగే నీళ్లల్ల ఉన్న ఫ్లోరైడ్ మరక, తోమితే పోయేది గాదు, ఆ పిల్ల వాళ్లమ్మ నడుం గూడ అదే నీళ్లతోని వంగి ఉంటది. ఈ ప్రాంతంల పనిచేసేటోళ్లు ఈ ప్రాంతం బాధ తెల్సుకొని ఉండాలె: ఫ్లోరైడ్ ఏంది, పాలమూరు వలస ఏంది, తల్లిదండ్రులు ముంబై పోతే పిల్లలు ముసలోళ్ల కాడ ఎట్ల పెరుగుతరు, మక్తల్ దిక్కు జోగిని (దేవుడికిచ్చిన ఆడమనిషి) బిడ్డవు అన్న మాట ఎంత గుచ్చుకుంటది (1988లనే చట్టం తెచ్చి బంద్ చేసిండ్రు, మాట మాత్రం బంద్ కాలే). పిల్ల చిరాకు పడ్తుందంటే ముందు ఒంట్ల నొప్పుందేమో చూడుండ్రి, పన్ను నొప్పికి కౌన్సెలింగ్ చేసిన రోజులున్నయ్ మా కాడ.

అడుగుడు తక్కువ చెయ్యాలె

ఏమైంది నీకు అని ప్రేమగ అడగాలని ట్రైనింగుల్ల చెప్తరు. నేనైతే అది గూడ అడగకుండ్రి అంట. పోలీసోళ్లు అడిగిండ్రు, కమిటీ అడిగింది, డాక్టరమ్మ అడిగింది, ఇప్పుడు ఆయమ్మ కూరగాయలు తరుక్కుంట అడుగుతది, "ఏమైంది బిడ్డా చెప్పరాదు" అని. ప్రతి ఒక్కరికి చెప్పినప్పుడల్లా పిల్లకు అది మళ్ల అయినట్టే. బువ్వ పెట్టనీకి, జడెయ్యనీకి ఆ కథ మనకక్కర్లే. తెలుసుకోవాల్సినోళ్లు ఇద్దరు ముగ్గురే ఉండాలె, ఫైలు బీరువల ఉండాలె.

తనంతల తను చెప్తే మాత్రం వినాలె, దానికి జాగ ఇయ్యాలె. మొఖం మొఖం చూసుకుంట కూసుంటే ఏ పిల్లా చెప్పది. మా కాడ ఎక్కువ మాటలు బయటికొచ్చింది పల్లికాయ ఒలిచేటప్పుడు, చింతపండు గింజలు తీసేటప్పుడు. చేతులకు పనుంటది, చూపు కిందికుంటది, మాట దానంతటదే జారుతది. నడిమిట్ల ఆపి సలహా ఇయ్యొద్దు, అయ్యో అని మీరు ఏడ్వొద్దు, "మంచిగ చేసినవ్ చెప్పి, దీంట్ల నీ తప్పేం లేదు" అంటే చాలు.

ఇక్కడ ఒక పెద్ద చిక్కుంది. "ఎవ్వరికి చెప్పనంటేనే చెప్త" అంటది పిల్ల. సరే అనొద్దు. లైంగిక దాడి సంగతైతే పోక్సో చట్టం, 2012 నాటిది, సెక్షన్ 19 ప్రకారం తెలిసినోళ్లు ఎవరైనా పోలీసులకు చెప్పాల్సిందే, చెప్పకపోతే ఆరు నెలల దాక, సంస్థ నడిపేటోళ్లకైతే ఏడాది దాక జైలుంది. కాబట్టి ముందే చెప్పాలె: "నువ్వు చెప్పేదాంట్ల నీకు అపాయం ఉన్నదుంటే నేను ఒకళ్లిద్దరికి చెప్పాల్సి వస్తది, ఎవరికి చెప్తున్ననో నీకు చెప్పే చెప్త." కొందరు అప్పుడు ఆగిపోతరు. ఆగనీండ్రి, వారం తర్వాత వస్తరు. చెప్పినంక ఏమైతదో గూడ చెప్పాలె. స్టేట్‌మెంటు పిల్ల ఉండే కాడనో, తను కోరుకున్న కాడనో తీస్కోవాలె, అయినంతల మహిళా ఎస్సై తీస్కోవాలె, యూనిఫాం ఏస్కోవద్దు, నమ్మిన మనిషి పక్కన ఉండొచ్చు. ఇవి ఎవరో దయతల్సి ఇచ్చేటివి గావు, చట్టంల ఉన్నయ్. యూనిఫాంల వస్తే గేటు కాడనే మర్యాదగ అడుగుండ్రి, "మేడమ్ జర సివిల్ డ్రెస్ల వస్తరా" అని. నేనడిగిన, రెండుసార్లు తిట్టిండ్రు, మూడోసారి డ్రెస్ మార్చుకొచ్చిండ్రు.

దడుపు ఎత్తుకున్నప్పుడు

పిల్ల పళ్లెం విసిరింది, గోడకు తల కొట్టుకుంటుంది, అరుస్తుంది. నలుగురు ఉరికొచ్చి చుట్టు ముట్టి పట్టుకుంటరు, అది అన్నిటికంటే తప్పు. ఒక్కరే ఉండాలె, పిల్లకు ఎక్కువ అలవాటున్నోళ్లు. మిగిలిన పిల్లల్ని ఇంకొకరు బయటికి తీస్కపోవాలె. ఉన్నోళ్లు ఎదురుంగ నిలబడొద్దు, పక్కకు, రెండు మూడు అడుగుల దూరంల కింద కూసోవాలె, తలుపుకు అడ్డం ఉండొద్దు. గొంతు తగ్గించి చిన్న చిన్న మాటలు, "నేనిక్కడున్న. ముట్టుకోను. ఇది మన హోమ్, ఇయ్యాల మంగళవారం." సల్లటి కుండ నీళ్లు గిలాసల పోసి పక్కన పెట్టాలె, చేతిల పట్టుకుంటే సల్లదనానికే సగం దిగొస్తది. కాళ్లు నేలకు ఆనించమనాలె, కనిపించే ఎర్రవి ఏమేమున్నయో చెప్పమనాలె. తలకు, చేతికి దెబ్బ తగిలేటట్టుంటే నడిమిట్ల దిండు పెట్టుండ్రి. ఇరవై నిమిషాలు పడ్తది ఒక్కోసారి, కూసోండ్రి. తగ్గినంక ఎంటనే క్లాసు పీకొద్దు, నిద్రొస్తది వాళ్లకు, పండుకోనీండ్రి. రేపు పొద్దుగాల ఇద్దరు కలిసి ఆ పళ్లెం ముక్కలు ఏరుకుంట మాట్లాడొచ్చు, దానికి ముందు ఏం సప్పుడైంది, ఎవరొచ్చిండ్రు అని. అది నోట్‌బుక్‌ల రాస్కుంటే నాలుగుసార్లకు మీకే అర్థమైతది దేనికి ఎత్తుకుంటుందో. మా పిల్ల ఒకామెకు అగర్‌బత్తి వాసన, మేం మాత్రం రోజూ సాయంత్రం ప్రార్థన కాడనే ఎందుకు మొండికేస్తది, దేవుడంటే పడదా అనుకున్నం ఏడాది పొడుగూత.

చేతులు కోసుకునుడు, సచ్చిపోత అనుడు, వారాల కొద్ది నిద్రలేకపోవుడు, పిలిస్తే పలకకుండ ఎటో చూస్తుండుడు ఉంటే మాత్రం కుండ నీళ్లతోని సరిపెట్టకుండ్రి. నల్లగొండ, మహబూబ్‌నగర్ గవర్నమెంటు మెడికల్ కాలేజీ హాస్పిటళ్లకు తీస్కపోండ్రి, సైకియాట్రీ డాక్టర్లుంటరు. అర్ధరాత్రైతే 14416, టెలీ మానస్ (మనసు బాధలకు సర్కారు పెట్టిన ఫోన్ నంబర్), ఎప్పుడు చేసినా ఎత్తుతరు, తెలుగుల మాట్లాడ్తరు. స్టాఫ్ గూడ వాళ్ల కోసం చెయ్యొచ్చు, పిల్లల కోసమే గాదు.

కేకులోళ్లు

ఇది రాయకుంటే నా కడుపు మండుతది. బర్త్‌డేలు, పెండ్లిరోజులు, లీడర్ల పుట్టినరోజులు, అన్నిటికి కేకు పట్టుకొని హోమ్‌కు వస్తరు. పిల్లల్ని లైన్ల కూసోబెట్టి, తినేముందు ఫొటో, చేతుల బిస్కెట్ పుడ పెట్టి ఫొటో, పాట పాడిచ్చి వీడియో, సాయంత్రానికి వాట్సాప్ స్టేటస్‌ల "అనాథ పిల్లలతో". మా పిల్లలల్ల సగం మందికి తల్లో తండ్రో ఉన్నరు, అనాథ ఎవరన్నరు? పాపం వచ్చేటోళ్లు చెడ్డోళ్లు గాదు, హోమ్‌లకు పైసలు గూడ కావాలె, అది నాకూ తెల్సు. గని జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 74 ప్రకారం హోమ్ పిల్లల మొఖం, పేరు బయటికి రావొద్దు, ఆరు నెలల జైలు, రెండు లక్షల జుర్మానా దాక ఉంది. మేం ఏం చేసినమంటే గేటు లోపట బుట్ట పెట్టినం, ఫోన్లు దాంట్ల, అందరివి, ఎమ్మెల్యే మనిషైనా. రెండు రోజుల ముందు చెప్పకుండ వస్తే బువ్వ తీస్కుంటం, లోపటికి పంపం. పిల్లలకు ముందు రోజు చెప్తం, రేపు ఫలానోళ్లొస్తరు, ఇష్టమున్నోళ్లు హాల్ల కూసోండ్రి, లేనోళ్లు పైన ఉండొచ్చు, మీ కేకు ముక్క పైకే వస్తది. మొదటి ఏడాది దాతలు తగ్గిండ్రు, అబద్ధం ఎందుకు. మిగిలినోళ్లు మాత్రం ఇప్పటికి వస్తున్నరు, ఓ రిటైర్డ్ సారైతే ఫొటోలు దిగుడు బందై లెక్కలు చెప్పుడు మొదలుపెట్టిండు.

ఆయమ్మకు ఎవరు చెప్పాలె

పిల్లలకు అన్ని ముందు చెప్పాలని అంటిమి, మరి జీతం ఏ నెలల పడ్తదో ఆయమ్మకే తెల్వకపోతే? పొద్దుగాల వచ్చేవరకు డ్యూటీ మార్చేసి ఉంటే? ఇన్స్‌పెక్షన్ అని పిల్లల ముందట మేడమ్ తిడితే? ఆ తిట్టు సాయంత్రానికి చిన్న పిల్లల మీదికి జారుతది, నీళ్లు పల్లానికే పోతయ్ గద. అందుకే నేను హోమ్‌కు పోతే ముందు స్టాఫ్ డ్యూటీ చార్ట్ అడుగుత. పదిహేను రోజులది ముందే గోడకు ఉండాలె. రాత్రి డ్యూటీ చేసినోళ్లు పోయేముందు పది నిమిషాలు పొద్దుగాలోళ్లతోని చాయ్ తాగాలె, రాత్రి ఎవరు లేచిండ్రు, ఎవరు ఏడ్చిండ్రు, నీకెట్లుంది, అని. ఈ ఆఖరి ప్రశ్న ఎవరూ అడగరు. ఒక ఆయమ్మ, పదేండ్ల సంది చేస్తుంది, పిల్ల చెప్పిన మాటలు విన్నంక ఇంటికి పోయి మనవరాలిని ఒక్క క్షణం ఇడిసిపెడ్తలే, కొడుకును గూడ దగ్గరికి రానిస్తలే అంట. ఆమెను సతాయిస్తుంది అని మెమో ఇచ్చిండ్రు. ఆమె గూడ దడుసుకున్నది, అంతే సంగతి. రెండు వారాలు వంటింటి డ్యూటీ మార్చి, రోజూ ఒకళ్లు కూసొని మాట్లాడితే దిగొచ్చింది. మన స్టాఫ్‌ల చాలామంది వాళ్ల బతుకుల గూడ గివే చూసొచ్చినోళ్లు, ఇంటి కాడ దెబ్బలు తిన్నోళ్లున్నరు, చిన్నతనంల పెండ్లయినోళ్లున్నరు. 1998ల అమెరికాల ఫెలిట్టి, ఆండా అనే డాక్టర్లు చిన్నప్పటి బాధలు పెద్దయినంక రోగాలై వస్తయని లెక్క కట్టి చూపిండ్రు, అది పిల్లల గురించే అని చదువుతం, మన గురించి గూడ.

సజెషన్ బాక్సు ప్రతి హోమ్‌ల ఉండాలె, ఉంటది, తాళం తుప్పు పట్టి ఉంటది. రూల్ ఏందంటే ఆఫీసుకు దూరంగ పెట్టాలె, వారానికోసారి పిల్లల కమిటీ ముందట తియ్యాలె. తీసినంక ఏది చేస్తం, ఏది చెయ్యలేం, ఎందుకు అన్నది అదే రోజు చెప్పాలె. "టీవీ పెద్దది కావాలె" అని రాస్తే కాదని చెప్పినా ఊకుంటరు, ఏం చెప్పకుంటే మళ్ల రాయరు, రేపు అసలు రాయాల్సింది గూడ రాయరు.

పోయేటప్పుడు

రావుడు మీద ఎంత రాసిననో పోవుడు మీద గంత రాయాలె గని, చాలాచోట్ల పోవుడు ఎట్లయితదంటే ఓ పొద్దుగాల ఆర్డర్ వస్తది, పదకొండింటికి వాహనం, పన్నెండింటికి మంచం ఖాళీ. వేరే హోమ్‌కు మార్చినా, ఇంటికి పంపినా, పద్దెనిమిదేండ్లు నిండి, పెద్దయినోళ్లకు ఆసరా ఇచ్చే ఆఫ్టర్ కేర్‌కు పోయినా ఇంతే. ఆర్డర్ కాయిదం వచ్చినంక చెప్పుడు గాదు, వచ్చేటట్టుంది అన్నప్పుడే చెప్పాలె. క్యాలెండర్ మీద తారీఖు గుండ్రంగ గీసి రోజుకొకటి కొట్టేసుకోనియ్యాలె. కొత్త జాగ ఫొటో చూపియ్యాలె, అయితే ఓసారి తీస్కపోయి రావాలె, అక్కడి ఆయమ్మతోని ఫోన్ల మాట్లాడియ్యాలె. మిగిలిన పిల్లలకు గూడ చెప్పాలె, లేకుంటే పక్క మంచం పిల్ల రాత్రికి రాత్రి మాయమైందని వాళ్లు పండుకోరు. ఆ పల్లిపట్టీల డబ్బ నింపి సంచిల పెట్టాలె. మొదటి రోజు కవర్ల పెట్టిన పాత గౌను తీసిచ్చి, తీస్కపోతవా, ఇక్కడుంచాల్నా, పారెయ్యాల్నా అని అడగాలె. మా పిల్ల ఒకామె దాన్ని చూసి ఇంత చిన్నగుంటినా నేను అని నవ్వి, ఆయమ్మ చేతుల పెట్టి, పొయ్యి కాడ మసిగుడ్డకు వాడుకోమన్నది.